రోడ్డు మీద ఆరబోసిన వడ్లను డ్రైవర్ లేని కారు ఏమనుకుంటుంది?

డ్రైవర్ లేని కార్లు పదేళ్ళలో మన దగ్గరికి వస్తాయా, ఏఐని నమ్మి అందులో ఎక్కవచ్చా అని కొందరు నన్ను అడిగారు. కొన్ని చోట్లకు వస్తాయి, అక్కడ ఎక్కవచ్చు కూడా. సూర్యాపేట నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు మీదకు మాత్రం పదేళ్ళలో రావని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన ఉద్యోగం గురించి, ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మా నాన్న గురించి చెప్పాలి.

నేను హైదరాబాద్‌లో రెండున్నరేళ్ళు డేటా అన్నోటేషన్ పని చేశాను. కారు మీద బిగించిన కెమెరాలు తీసిన వీడియోను ఫ్రేములుగా విడగొట్టి మాకు పంపేవారు. కారు కనిపిస్తే చుట్టూ బాక్సు గీసి కారు అని, మనిషి కనిపిస్తే పాదచారి అని లేబుల్ పెట్టాలి. రోడ్డు అంచు వెంట చుక్కలు పెట్టుకుంటూ పోయి లోపలి భాగమంతా రోడ్డు అని గుర్తించాలి. లైడార్ ఫ్రేములైతే ఇంకా కష్టం. లేజర్ కిరణాలు తగిలి వెనక్కి వచ్చిన చుక్కలు మాత్రమే ఉంటాయి. అందులో ఏ గుంపు స్కూటరో, ఏది చెత్త డబ్బానో తేల్చాలి. ఇలాంటి బొమ్మలు లక్షల్లో చూశాకే ఆ సాఫ్ట్‌వేర్‌కు రోడ్డంటే ఏమిటో తెలుస్తుంది. ఏఐ తనంతట తానే అన్నీ నేర్చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. దాని వెనక రోజుకు ఎనిమిది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని కళ్ళు మండేదాకా గీతలు గీసిన నాలాంటి వాళ్ళున్నారు.

మొదట్లో మాకు వచ్చినవన్నీ విదేశీ వీడియోలు. లేన్ గీతలు స్పష్టంగా ఉంటాయి, మనుషులు ఫుట్‌పాత్ మీదే ఉంటారు. పని చకచకా సాగేది. కొన్నాళ్ళకు మన రోడ్ల వీడియోలు రావడం మొదలైంది. అంతే, రోజూ టార్గెట్ పూర్తి చేసే టీమ్ మొత్తం వెనకబడిపోయింది. బైక్ మీద నలుగురుంటే ఎన్ని బాక్సులు గీయాలి? గడ్డి లోడు కింద ట్రాక్టర్ కనిపించకుండా పోతే దాన్ని వాహనం అనాలా, గడ్డివామి అనాలా? రోజూ ఇలాంటి సందేహాలతోనే గడిచేది.

ఈ చిక్కును హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు ముందే గుర్తించారు. ఈ రంగంలో అందరూ వాడే సిటీస్కేప్స్ అనే ఫొటోల సేకరణలో ఎక్కువ భాగం జర్మనీ నగరాలవి. దానితో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు మన ఆటో ఏం తెలుస్తుంది? అందుకే వాళ్ళు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తిరిగి 10 వేలకు పైగా ఫొటోలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేసి 2018లో బయటపెట్టారు. అందులో 34 రకాల లేబుళ్ళున్నాయి. ఆటోకు విడిగా ఒకటి ఉంది. నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. రోడ్డు కాకపోయినా అవసరమైతే బండి దిగగలిగే నేలకు కూడా వేరే లేబుల్ పెట్టారు. తారు రోడ్డు పక్కన మట్టి మీదకు దిగి ఎదురు బస్సుకు దారి ఇచ్చిన ప్రతివాడికీ ఆ లేబుల్ విలువ తెలుసు.

నాకు ఇప్పటికీ మరిచిపోలేని ఫ్రేమ్ ఒకటుంది. రెండు వరుసల రోడ్డు. ఎడమ సగం మీద వడ్లు ఆరబోశారు. అంచు వెంట రాళ్ళు పేర్చారు. ఒకావిడ కాళ్ళతో వడ్లు తిరగేస్తూ నడుస్తోంది. చివరన నల్ల పరదా కప్పిన కుప్ప. మా గైడ్‌లైన్స్ ప్రకారం ఆకులు, ఇసుక లాంటివి పడి ఉన్నా కింద ఉన్నది రోడ్డే కాబట్టి రోడ్డు అనే లేబుల్ పెట్టాలి. వడ్లకూ అదే వర్తిస్తుందా అని టీమ్ లీడ్‌ను అడిగాను. ఆయన క్లయింట్‌ను అడిగారు. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది, రోడ్డు అనే పెట్టమని. పెట్టాను. రాళ్ళు మాకు చెప్పిన సైజు కన్నా చిన్నవి కాబట్టి వాటికి ఏ లేబులూ లేదు.

ఆ సాయంత్రం మనసు ఊరుకోక నాన్నకు ఫోన్ చేశాను. "వడ్ల మీంచి బస్సు పోనిస్తావా నాన్నా?" అని అడిగాను.

"పగలు గింజలతోటి భయం, రాత్రి పరదాతోటి భయం బిడ్డా" అన్నాడు. ఎండిన గింజల మీద బ్రేకు వేస్తే టైరు పట్టు దొరకదు, టూవీలర్ అయితే పడిపోవడం ఖాయం. రాత్రయ్యేసరికి కుప్ప మీద నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెట్టి ఇంటికి పోతారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్ళలో పడితే అది దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ఇలా జిల్లాల్లో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

మరి ముప్పై ఏళ్ళు ఎలా తప్పించుకున్నావని అడిగాను. ఆయన చెప్పింది విని చాలాసేపు ఆలోచించాను. పగటి ట్రిప్పులో దారి పక్క పొలాల్లో కోత మిషన్ దిగి కనిపిస్తే, ఆ రాత్రి ఆ మలుపు దగ్గర కుప్ప ఉంటుందని ముందే అనుకునేవాడట. కిటికీలోంచి పచ్చి వడ్ల వాసన వస్తే స్పీడు తగ్గించేవాడట. మార్కెట్లో కొనుగోళ్ళు ఆలస్యమవుతున్నాయని బస్సులో రైతులు మాట్లాడుకుంటుంటే, ఈసారి కుప్పలు ఇంకో పది రోజులు రోడ్డు మీదే ఉంటాయని లెక్క వేసుకునేవాడట. కుప్ప కంటపడకముందే ఆయనకు దాని సంగతి తెలుసు. నేను బాక్సులు గీసినవన్నీ కెమెరాకు కనిపించినవే. నాన్న వాడిన సమాచారంలో ఒక్కటి కూడా ఆ ఫ్రేమ్‌లో లేదు.

నా అనుమానం అంతా ఇక్కడే ఉంది. యంత్రం చూపు మనకన్నా మంచిదే. 360 డిగ్రీలు చూస్తుంది, నిద్ర రాదు, మందు తాగదు, ఫోన్ మాట్లాడదు. చూసినదానికి అర్థం చెప్పుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీలో జరిగింది గుర్తు చేసుకోండి. ఒక మహిళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతుండగా ఉబర్ పరీక్షిస్తున్న కారు గుద్దింది, ఆమె చనిపోయింది. అక్కడి రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన విషయం చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. కానీ ఒకసారి వాహనం, ఒకసారి తెలియని వస్తువు, ఒకసారి సైకిల్ అంటూ లేబుల్ మార్చుకుంటూ పోయింది. మార్చినప్పుడల్లా ఆమె అంతకుముందు ఎటు కదిలిందన్న లెక్క పోయేది. జీబ్రా గీతలు లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. స్టీరింగ్ ముందు కూర్చున్న ఉద్యోగి కూడా రోడ్డు వైపు చూడటం లేదు. జీబ్రా గీతల మీదే రోడ్డు దాటేవాళ్ళు మన దగ్గర ఎంతమంది?

అలాగని ఇదంతా మోసం అని కొట్టిపారేసేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. ఆ టెంపీ పక్కనే చాండ్లర్‌లో మా అన్నయ్య ఉంటాడు. 2024 చివర్లో నాన్నను తీసుకుని వెళ్ళినప్పుడు ముగ్గురం వేమో కారు ఎక్కాం. గూగుల్ మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన డ్రైవర్ లేని ట్యాక్సీల కంపెనీ అది. ముందు సీట్లో ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది. నాన్న మొదటి ఐదు నిమిషాలు కుడి కాలు నేలకు నొక్కిపెట్టి కూర్చున్నాడు, బ్రేకు తన కాలి కిందే ఉన్నట్టు. ఒక చోట ఆగి ఉన్న వ్యాన్ వెనక నుంచి వస్తున్న మనిషి మాకు కనిపించకముందే తెర మీద కనిపించాడు, కారు నెమ్మదించింది. నాన్న మెచ్చుకున్నాడు. దిగాక అన్నాడు, "బండి మంచిగనే నడిచింది. కానీ ఇక్కడ బండిని సగం రోడ్డే నడిపిస్తుంది."

ఆ రోడ్డు అంతలా సహకరిస్తున్నా అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా మొహావే ఎడారిలో పెట్టిన పోటీలో అన్నిటికన్నా ముందుకు వెళ్ళిన బండి 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది ఐదు బండ్లు దారంతా పూర్తి చేశాయి. గూగుల్ 2009లో పని మొదలుపెడితే, ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవర్ లేని సేవ మామూలు జనానికి అందింది 2020 అక్టోబర్‌లో. మధ్యలో 2019లో ఎలాన్ మస్క్, ఏడాది తిరిగేసరికి తన టెస్లా కంపెనీ రోబోట్యాక్సీలు, అంటే డ్రైవర్ లేని ట్యాక్సీలు, పది లక్షలు రోడ్డు మీద ఉంటాయన్నాడు. 2025 జూన్‌లో ఆస్టిన్‌లో టెస్లా సేవ మొదలైనప్పుడు పక్క సీట్లో కంపెనీ మనిషి కూర్చున్నాడు. కాబట్టి ఎవరైనా తారీఖు చెబితే నేను నమ్మను. ఏ ఊళ్ళో, ఏ రోడ్డు మీద, వానలోనా ఎండలోనా, ఇరుక్కుపోతే దూరం నుంచి దారి చెప్పే మనుషులు ఉన్నారా, గుద్దితే కేసు ఎవరి మీద అని అడుగుతాను.

వేమో కార్లు నడిచిన 2.53 కోట్ల మైళ్ళ మీద బీమా సంస్థ స్విస్ రీతో కలిసి చేసిన అధ్యయనంలో, గాయాల క్లెయిములు మనుషులు నడిపే బండ్లతో పోలిస్తే 92 శాతం తక్కువని తేలింది. పెద్ద మాటే. అందులో కంపెనీ వాళ్ళూ భాగస్వాములే అని గుర్తుంచుకుని చదవాలి. ఇంకో లెక్క కూడా ఉంది. మరణాల విషయంలో ఈ కార్లు మనుషులు నడిపే బండ్లకన్నా ప్రమాదకరం కాదని గణాంకాలతో నిరూపించాలంటే ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్ళు నడవాలని అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ 2016లో లెక్క కట్టింది. అది కూడా అమెరికా రోడ్ల మీద. అక్కడ నేర్చుకున్నది హుజూర్‌నగర్ దారిలో ఎంత పనికొస్తుందో మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.

మన దేశంలో 2022లో ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందుకే ఈ టెక్నాలజీ రాకూడదని నేను అనలేను. నితిన్ గడ్కరీ గారు 2017లోనే, ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవర్ లేని కార్లను అనుమతించబోమని అన్నారు. డ్రైవర్ కూతురిగా ఆ భయం నాకు బాగా తెలుసు. మా ఇల్లు, నా చదువు అన్నీ ఆ స్టీరింగ్ పెట్టిన భిక్షే. ముందుగా హద్దులున్న చోట్లకు వస్తాయని నా అంచనా. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ బస్సులు ఇప్పటికే తిరుగుతున్నాయి. గనులు, ఓడరేవులు, ఎయిర్‌పోర్టు లోపలి దారులు ఆ తర్వాత. ఊరి రోడ్డు అన్నిటికన్నా చివర.

ఇక అడాస్, అంటే బ్రేకు వేయడంలో, లేన్‌లో ఉంచడంలో డ్రైవర్‌కు సాయం చేసే ఏర్పాటు, ఉన్న కారు కొన్నవాళ్ళకు ఒక విన్నపం. అది మీకు సాయం మాత్రమే, నడపాల్సింది మీరే. రోడ్డు మీద ఆగి ఉన్న వస్తువులను గుర్తించలేకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్లోనే రాసి ఉంటుంది. వానాకాలం పంట కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు రాత్రిపూట జిల్లా రోడ్ల మీద వెళ్తుంటే స్పీడును దానంతట అదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ ఆపేయండి, కిటికీ కొంచెం దించండి. పచ్చి వడ్ల వాసన తగిలితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి.