చెన్నై ఓపెన్‌కి అంత క్రేజ్ ఎందుకుండేది?

చెన్నై ఓపెన్ టెన్నిస్ టోర్నీ గురించి పాతవాళ్లు ఇప్పటికీ అంతలా ఎందుకు చెబుతారు, ఇప్పుడు జరిగే మహిళల టోర్నీకి వెళ్లొచ్చా అని అడిగారు. ఉద్యోగరీత్యా కోడంబాక్కంలో చాలా ఏళ్లున్నాను. జనవరి మొదటి వారం వచ్చిందంటే ఆఫీసు నుంచి నేరుగా నుంగంబాక్కం స్టేడియానికే వెళ్లేవాణ్ణి. కాబట్టి కాస్త అభిమానంతోనే చెబుతాను.

ఈ ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) టోర్నీ 1996లో ఢిల్లీలో మొదలై, మరుసటి ఏడాదే చెన్నైకి వచ్చింది. అప్పట్లో ఓ సిగరెట్ పేరు మీద గోల్డ్ ఫ్లేక్ ఓపెన్. ఏప్రిల్ ఎండల్లో ఆడించేవారు. 1998లో ఆస్ట్రేలియా ఆటగాడు పాట్ రాఫ్టర్ గెలిచింది ఆ వేడిలోనే. తర్వాత జనవరికి మార్చడంతో దశ తిరిగింది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి ముందు ప్రాక్టీస్ కావాలి కదా, పెద్ద పెద్ద ఆటగాళ్లు ఇటు రావడం మొదలుపెట్టారు. 2014లో స్విట్జర్లాండ్ ఆటగాడు వావ్రింకా ఇక్కడ గెలిచి, అదే నెలలో మెల్‌బోర్న్‌లో జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తన తొలి గ్రాండ్ స్లామ్ కొట్టాడు. చెన్నైలో ఆయనవి మొత్తం 4 టైటిళ్లు.

అసలు మజా ఎక్కడంటే, స్టేడియం చిన్నది. ఎక్కడ కూర్చున్నా ఆటగాడు తనలో తాను తిట్టుకోవడం కూడా వినిపించేది. పక్క కోర్టుల్లో ప్రాక్టీస్ జరుగుతుంటే కంచె పట్టుకుని నిలబడేవాళ్లం. వావ్రింకా ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ టీవీలో అందంగా కనిపిస్తుంది, దగ్గర నుంచి వింటే టపాకాయ పేలినట్టుంటుంది. ఇక ఆ ఉక్కపోత! సర్వీస్ చేసే ముందు బంతి కంటే ముందు చెమట చుక్కలు కోర్టు మీద పడేవి. తువ్వాలు ఇచ్చే పిల్లలకు క్షణం తీరిక ఉండేది కాదు.

2008 సెమీఫైనల్ మాత్రం మర్చిపోలేను. నాదల్, మోయా ఇద్దరూ స్పెయిన్ వాళ్లే, మంచి స్నేహితులు కూడా. మూడు సెట్లూ 6-6 దాకా వెళ్లి టై బ్రేక్‌లోనే తేలాయి, దాదాపు 4 గంటలు. చివరికి నాదల్ గెలిచాడు కానీ, మర్నాడు ఫైనల్లో కాళ్లు కదిలితేగా! రష్యా ఆటగాడు యూజ్నీ 6-0, 6-1తో చుట్టేశాడు. టికెట్ డబ్బులు దండగయ్యాయని నా పక్కాయన గొణిగాడు. నాకైతే ముందురోజే అంతా గిట్టుబాటైపోయింది.

మనవాళ్ల ఆట ఉంటే గోల వేరే. పేస్-భూపతి జోడీ ఇక్కడ 5 సార్లు డబుల్స్ గెలిచింది. 2009లో వైల్డ్ కార్డుతో, అంటే నిర్వాహకులిచ్చిన ప్రత్యేక అవకాశంతో, వచ్చిన మన సోమ్‌దేవ్ మోయాని ఓడించి ఫైనల్ దాకా వెళ్లాడు. కృష్ణన్‌లు, అమృత్‌రాజ్‌ల లాంటి టెన్నిస్ కుటుంబాల ఊరు కదా, జనానికి ఆట తెలుసు. అవతలివాడు మంచి షాట్ కొట్టినా చప్పట్లు పడేవి.

2017 తర్వాత టోర్నీ పుణెకి వెళ్లిపోయింది, 2023తో అక్కడా ఆగిపోయింది. ఇలాంటి టోర్నీల హక్కులు ఊరివి కావు, కంపెనీలవి. ఎక్కడ గిట్టుబాటైతే అక్కడికి పోతాయి. మన హైదరాబాద్‌కీ ఇదే జరిగింది. 2005లో సానియా సొంతూళ్లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయురాలైంది. మరుసటి ఏడాదికల్లా ఆ టోర్నీ బెంగళూరు చేరింది. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు.

ఇక మహిళల టోర్నీ. 2022లో అదే స్టేడియంలో జరిగింది, 17 ఏళ్ల లిండా ఫ్రువిర్తోవా గెలిచింది. మళ్లీ 2025లో పెట్టారు. పేరున్న వాళ్లు తక్కువే, అయినా వెళ్లండి. ఫైనల్ కోసం ఆగకండి, మొదటి రెండు మూడు రోజులే బాగుంటాయి, పక్క కోర్టుల్లోనూ మ్యాచ్‌లుంటాయి. గొడుగు మాత్రం మర్చిపోవద్దు, జనవరి కాదు కాబట్టి వాన ఏ పూట పడుతుందో చెప్పలేం.