కారు అమ్మేశారు సరే, ఆర్సీ ఎవరి పేరు మీదుంది?

ప్రశ్న: నా 2017 మోడల్ పెట్రోల్ కారును (1,200 సీసీ) ఐదు నెలల క్రితం తెలిసినవాళ్ల అబ్బాయికి అమ్మాను. ఫారం 29, 30 (బండి పేరు మార్పు పత్రాలు) మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను. డబ్బు మొత్తం ముట్టింది. బండి మాత్రం ఇంకా నా పేరు మీదే ఉంది, చలానా మెసేజ్‌లు నాకే వస్తున్నాయి. దాని ఇన్సూరెన్స్ వచ్చే నెలతో అయిపోతుంది. ఇప్పుడు కొత్త కారు బుక్ చేశాను. పాత కారు మీదున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) దీనికి వాడుకోవచ్చా? రూ.6 లక్షల లోన్ ఏడేళ్లకు పెట్టుకోమంటున్నారు. మంచిదేనా?
- ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: బోనస్, లోన్ సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది, బండి ఇంకా మీ పేరు మీదే ఉందన్న మాట. ముందు దాని పని చూడండి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని అంటే ఆర్సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) పేరున్న మనిషి. కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ మారనంతవరకు ప్రమాద పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రస్తుతానికి థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి రక్షణ) అమల్లో ఉంది కాబట్టి, ఏదైనా జరిగితే బాధితులకు బీమా కంపెనీ చెల్లిస్తుంది. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే మాత్రం అదే కంపెనీ కట్టిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. వచ్చే నెల ఆ బీమా కూడా అయిపోతే మీకు ఏ రక్షణా మిగలదు. ఒక ప్రాణం పోయిన కేసులో ట్రిబ్యునల్ వేసే పరిహారం మీ పీఎఫ్‌ను, పిల్లల చదువుకు దాచినదాన్ని ఊడ్చేయగలదు. మీరు ఎన్నేళ్లు పొదుపు చేశారన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అందుకే ఈ వారంలోనే కొన్నతన్ని వెంటబెట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. తెలిసినవాళ్ల అబ్బాయి కదా అని మొహమాటపడకండి. ఒకవేళ ఆ కారు మీద గతంలో లోన్ ఉండి, ఆర్సీలో ఫైనాన్స్ ఎంట్రీ ఇంకా కొట్టేయించకపోతే ట్రాన్స్‌ఫర్ అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ తీరిందని తెలిపే ఫారం 35తో ముందు ఆ ఎంట్రీ తీయించాలి. అతను రాకపోయినా మీరు ఊరుకోవద్దు. అమ్మినట్టు ఆర్టీఏకు తెలియజేయడం అమ్మినవారి బాధ్యత, అందుకు చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది, అయినా ఇప్పుడైనా ఇవ్వండి. ఫారం 29 ఉన్నదే అందుకు. అది రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. బండి అప్పగించిన తేదీ, సమయంతో ఇద్దరూ సంతకం చేసిన డెలివరీ నోట్ లేకపోతే అది కూడా ఇప్పుడే రాయించుకోండి. అమ్మిన తేదీ తర్వాతి చలానాల గురించి మాట్లాడటానికి మీ చేతిలో ఉండే కాగితం అదే. పాత ఫాస్టాగ్ మీ ఖాతాకే కట్టి ఉంటే మూసేయండి, ఇది చాలామంది మర్చిపోతారు.

బీమా గడువులోపు పేరు మారదనిపిస్తే థర్డ్ పార్టీ పాలసీ మీరే కట్టేయండి. 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఏడాది ప్రీమియం రూ.3,416, దాని మీద జీఎస్టీ. అమ్మేసిన బండికి నేనెందుకు కట్టాలని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. అయినా కట్టండి. తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఇక బోనస్. అది బండిది కాదు, మీది. పాత కారుతో పాటు కొన్నవారికి వెళ్లదు. అమ్మిన రుజువులు చూపించి మీ పాత బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) లెటర్ తీసుకోండి. మూడేళ్లలోపు ఏ కంపెనీలోనైనా వాడుకోవచ్చు. రుజువుగా ఆ ఆర్టీఏ కాగితాలే ఇక్కడా పనికొస్తాయి. తగ్గింపు ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద ఉండదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.18,000 అనుకుంటే మీకు మిగిలేది రూ.9,000. కొత్త కారుకు పాలసీ రాయకముందే ఆ లెటర్ షోరూమ్ వాళ్లకు ఇవ్వండి. వాళ్లు చెప్పిన కంపెనీలోనే బీమా తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కూడా ధర కనుక్కోండి.

లోన్ ఏడేళ్లకు వద్దు. 10 శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకు నెలకు సుమారు రూ.12,750, ఏడేళ్లకు రూ.9,960 పడుతుంది. నెలకు రూ.2,790 తగ్గుతున్నట్టు కనిపిస్తుంది గానీ మొత్తం మీద వడ్డీ దాదాపు రూ.72,000 ఎక్కువ కడతారు. ఐదేళ్ల ఈఎంఐ మీ జీతానికి బరువనిపిస్తే పాత కారు అమ్మిన డబ్బు డౌన్ పేమెంట్‌లో కలపండి, అదీ చాలకపోతే తక్కువ వేరియంట్‌కు బుకింగ్ మార్చుకోండి.