లైఫ్‌బోటును తెలుగులో ఏమనాలి? తెప్ప, పడవ, నావ అన్నీ ఒకటేనా?

ఒకటి కావు. గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరంలో ఉండే మన తెలుగు మత్స్యకారుల్ని (ఒడియావాళ్లు నోలియాలంటారు) అడిగితే తేడా చెప్పేస్తారు. తెప్ప అంటే దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించింది. అల మీదికొచ్చినా నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, అందుకే మునగదు. పడవను పలకలతో చేస్తారు. పాతకాలం మసూలా పడవకైతే మేకులే ఉండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డు దగ్గర అల విసిరికొట్టినా పలకలు కాస్త వంగేవి గానీ పగిలేవి కావు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఫైబర్ బోట్లే అనుకోండి.

దోనె చిన్నది, ఓడ పెద్దది, ఇంజను ఉంటే మరపడవ. నావ అనే మాట పాటల్లోనే ఎక్కువ.

లైఫ్‌బోటుకు 'ప్రాణరక్షక పడవ' అని రాయొచ్చు. రేవులో అలా అంటే మాత్రం వింతగా చూస్తారు, లైఫ్‌బోటు అనేయండి. ఓడ మునిగితే ఎక్కడానికి దాని పక్కన వేలాడదీసే పడవ ఇది. 1912లో టైటానిక్‌లో 2,200 మందికి పైగా ఉంటే, 20 లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే. ఓడల భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం ఆ తర్వాతే, 1914లో వచ్చింది.