ఆడబిడ్డలు నవ్వారని పాప తెలుగు మానేసింది

తెలుగు రాయడం రాదని పెరంబూర్ నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పంపారు: "మేడం, తాత కాలంలోనే మద్రాసు వచ్చేసినాము. నేను తమిళ్ మీడియం. గుంటూరోళ్ల సంబంధం చేసినారు. ఆడ నేను నోరు తెరిస్తే అరవ తెలుగు అని ఆడబిడ్డలు నవ్వతా ఉండారు, మా ఆయన కూడా. ఈడేమో పక్కింటోళ్లు తెలుగోళ్లని ఎగతాళిగా గొల్టీలు అంటారు. సంక్రాంతికి పోతే మా ఎనిమిదేళ్ల పాప నానమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు, ఏమే అంటే నవ్వుతారమ్మా అనింది. ఇంక ఇంగ్లీషే మాట్లాడదాం అంటా ఉండాడు ఆయన. బాధ జాస్తిగా ఉంది."

అమ్మా, పాప తెలుగు రాక నోరు మూసుకోలేదు, అమ్మని చూసి నవ్వుతుంటే చూసి మూసుకుంది. అది చాలా పెద్ద విషయం, దీన్ని ఇంకో పండక్కి వాయిదా వేయొద్దు.

మీ మెసేజ్ రెండుసార్లు విన్నా. ఆడ, ఈడ, జాస్తి, ఉండారు, ఇందులో తప్పేముంది, చెన్నైకి నూటముప్పై నూటనలభై కిలోమీటర్ల దూరంలో తిరుపతి వైపు ఇళ్లలో రోజూ వినపడే మాటలే ఇవి. మూడు తరాలు ఒక ఊళ్లో బతికాక నాలుగు తమిళ మాటలు కలుస్తాయి, కలవనీండి. అసలు ఇళ్లిళ్లా పిల్లలు చదువుకున్న చందమామ 1947లో మొదలైంది మీ మద్రాసులోనే, ఆ ఊరి మనిషి తెలుగుని గుంటూరు వాళ్లు పరాయిగా చూడటం నాకు నిజంగా బాధనిపించింది.

ఆడబిడ్డలతో మీరు గొడవ పడొద్దు, అది మీ ఆయన పని. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి, "ఇన్నాళ్లు నేను సర్దుకున్నా, ఇప్పుడు పాప మాట్లాడటం మానేసింది, నువ్వు నవ్వడం ఆపు, అక్కాచెల్లెళ్లకి నువ్వే చెప్పు" అని. ఇంగ్లీష్ అంటున్నారు కదా, అది స్కూల్లో ఎలాగూ వస్తుంది. 2006 చట్టంతో తమిళనాడు స్కూళ్లలో ఒకటో క్లాసు నుంచి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది, అదీ వస్తుంది, రావాలి కూడా, అది పాప పుట్టిన ఊరి భాష. తెలుగుకి మాత్రం మీ ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు, అందుకే ఇంట్లో ఆపొద్దంటున్నా.

గొల్టీ అన్నవాళ్లకి అలా పిలవొద్దని తమిళంలోనే గట్టిగా చెప్పండి.

ఇంకోటి, మీరూ పాపా కలిసి అక్షరాలు నేర్చుకోండి, నేర్పమని అత్తగారినే అడగండి, వీడియో కాల్‌లో వారానికి ఓ అరగంట. తమిళంలో క ఒక్కటే కాబట్టి క ఖ గ ఘ దగ్గర ఇద్దరూ తడబడతారు, పర్లేదు, అమ్మ కూడా తప్పులు రాయడం పాప చూస్తే దానికి భయం పోతుంది. మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సరిదిద్దొద్దని ముందే చెప్పండి.

ఈ ఆదివారమే ఫోన్ చేయండి. పాప మాట్లాడకపోయినా పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు మాత్రం ఆడ, ఈడ అనే మాట్లాడండి, వింటుంది.