బండిలో ప్లగ్గులకు ఇంటి ఇన్వర్టర్ సరిపోతుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి రెండు పడకలు, చిన్న వంటగట్టు కట్టించాను. అమ్మానాన్నలను హార్స్‌లీ హిల్స్‌కి, తర్వాత అరుణాచలానికి తీసుకెళ్లాలని ఆశ. లోపల నాలుగు ప్లగ్ పాయింట్లున్నాయి. ఇంట్లోని 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ బండిలో పెడితే రైస్ కుక్కర్, ఫ్యాన్, అమ్మ నెబ్యులైజర్ నడుస్తాయా? రెండు కొసలకూ పిన్నులున్న వైరుతో ఇన్వర్టర్ కరెంటును ఒక సాకెట్‌లోకి ఇస్తే మిగతా మూడింటికీ వస్తుందని మిత్రుడు అంటున్నాడు. అలా చేయొచ్చా?

జవాబు: కరెంటు వస్తుంది, కానీ ఆ వైరు మాత్రం చేయించకండి. సాకెట్‌లోంచి ఒక కొస ఊడిందంటే ఆ ఇత్తడి పిన్నుల్లో 230 వోల్టులుంటాయి. ఇరుకు బండిలో, చీకట్లో మీ నాన్నగారి చేయి దాని మీద పడితే ఇక చెప్పేదేముంది? పైగా ఏ లాడ్జి దగ్గరో బండి ఆపి బయటి కరెంటు పెట్టారనుకోండి, ఇన్వర్టర్ అప్పటికే ఆన్‌లో ఉంటే రెండూ ఢీకొని ఇన్వర్టర్ అక్కడికక్కడే కాలిపోతుంది.

చాలా ఇంటి ఇన్వర్టర్లలో లోపలి రిలే (దానంతటదే మారే స్విచ్) ఫేజ్‌ను మాత్రమే మారుస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. దారిలో దొరికే సాకెట్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉండటం మామూలే, అప్పుడు ఆ కలిసి ఉన్న తీగలోకే ఫేజ్ వస్తుంది. కాబట్టి రెండు తీగలనూ తెంచి మార్చే డబుల్ పోల్ చేంజోవర్ స్విచ్ ఒకటి పెట్టించండి. ఒక పక్క బయటి కరెంటు, ఒక పక్క ఇన్వర్టర్, మధ్యలో ఆఫ్. ప్లగ్ పాయింట్లన్నీ దాని తర్వాతే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసే స్విచ్) కూడా పెట్టించండి. అయితే ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు న్యూట్రల్‌కి బండి బాడీతో బంధం లేకపోతే, షాక్ కొట్టినా అది కరెంటును తెంచదు. ఆ బంధం వేయవచ్చో లేదో ఇన్వర్టర్ బుక్కులో చూశాకే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

ఇక లెక్క. 700 వాట్ల కుక్కర్‌కి 12 వోల్టుల బ్యాటరీ నుంచి నష్టాలతో కలిపి 65 ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఇంటి వైరింగుకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం తీగ దానికి చాలదు, కరుగుతుంది. 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, మీటరు లోపు పొడవు, ప్లస్ టెర్మినల్ పక్కనే 100 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టించండి. కేబుల్ కొసలకు తొడిగే లగ్గులు ప్రెస్సు మిషన్‌తోనే నొక్కించాలి, సుత్తితో కొట్టించొద్దు. కుక్కర్ పావుగంట నడిచాక ఆపేసి, లగ్గు పక్కన కేబుల్ పైతొడుగును చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చురుక్కుమంటే లగ్గు వదులని అర్థం.

150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. ట్యూబ్యులర్‌ని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కనుక 900 అనుకోండి. పూట అన్నానికి 350 నుంచి 400 పోతుంది. నెబ్యులైజర్, ఫోన్లు పెద్ద లెక్కేం కాదు. కానీ ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దా (గోడ కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చేది) కాదా అని చూడండి. స్క్వేర్ వేవ్ అయితే నెబ్యులైజర్ మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది, అమ్మగారి మందు విషయంలో అది నాకు నచ్చదు. కుక్కర్‌తో పాటు మిక్సీ మాత్రం వేయకండి, 900 వీఏ తట్టుకోదు. ఫ్యాన్‌కి ఇన్వర్టరే అక్కర్లేదు, 12 వోల్టుల ఫ్యాన్ నేరుగా పెట్టండి.

ఆ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. భాకరాపేట ఘాట్ మలుపుల్లో జరిగితే యాసిడ్ ఒలుకుతుంది, కాబట్టి ఇనుప ఫ్రేములో బిగించండి. చార్జింగప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక పడక కింద మూసిన పెట్టెలో వద్దు. బయటికి గాలి పోయే అర ఉండాలి, ఇన్వర్టర్ దానికి దూరంగా ఉండాలి.

ఇంజన్ స్టార్టింగ్ బ్యాటరీకి మాత్రం దీన్ని నేరుగా కలపొద్దు. ఇంటి ఇన్వర్టర్ గోడ కరెంటుతోనే చార్జ్ చేస్తుంది, నడుస్తున్న ఇంజన్ నుంచి చార్జ్ కావాలంటే మధ్యలో డీసీ-డీసీ చార్జర్ (ఇంజన్ వైపు కరెంటును ఈ బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే పరికరం) కావాలి. బయల్దేరే ముందు రోజు ఇంటి దగ్గరే బండిలో ఒక పూట అన్నం వండి, రాత్రంతా ఫ్యాన్ వేసుకుని పడుకుని చూడండి.