ఆ తోలు ఎక్కడిది?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల అధ్యాయం రెండుసార్లు చదివాను. జీవహింస పనికిరాదని మాంసం మానేసిన జాతిని కల్పించావు, బాగుంది. కానీ పెళ్లి ఊరేగింపులో డోళ్లు మోగించేశావు. ఆ తోలు ఎక్కడిది? నా మొదటి నవల చదివి ఒకాయన నన్నూ ఇదే అడిగాడు. అప్పటికే పుస్తకం అచ్చయిపోయింది, చేసేదేముంది!

ముందు వాళ్ల నియమం ఎక్కడిదాకా పోతుందో తేల్చుకో. చంపడం ఒక్కటే తప్పయితే వయొలిన్ కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు కట్టుకోవచ్చు. గొర్రె పేగు తీగలు కుదరవు. పట్టు తీగలూ అంతే. చైనావాళ్ల తీగవాద్యం గుచిన్‌కి శతాబ్దాలపాటు పట్టుదారమే తీగ, కానీ మామూలుగా ఆ దారం తీయాలంటే గూళ్లను పురుగుతో సహా వేడినీళ్లలో వెయ్యాలి. వెదురు ఉందిగా అంటావేమో. ఉంది. మడగాస్కర్ తీగవాద్యం వలీహాకి పూర్వం వెదురు బొంగు పైపొరనే సన్నగా చీల్చి, కింద చిన్న ముక్కలు దోపి తీగలుగా లేపేవారు.

అందరూ మర్చిపోయేది జిగురు. వయొలిన్ చెక్కల్ని అతికించేది తోళ్లు ఉడికించి తీసిన జిగురే. వేడీ తడీ తగిలితే వదులుతుంది కాబట్టి రిపేరుకి విప్పుకోవచ్చు. అది వద్దంటే నీవాళ్లు ఒకే దుంగను తొలుచుకోవాలి, లేదా తాళ్లతో బిగించుకోవాలి. లోహపు తీగతో సరిపెట్టేద్దామనుకోకు, దాని వెనక గని, కొలిమి, బొగ్గు కోసం కొట్టేసిన అడవి ఉంటాయి. దానిమీద వాళ్లలో వాళ్లకి తగువు పెట్టు, కథకి పనికొస్తుంది.

నన్నడిగితే అసలు రుచి ఇంకోచోట ఉంది. దానంతటది చచ్చిపోయిన పశువు తోలు వాడొచ్చా? వాడొచ్చంటే ఊరికి ఒక్క డోలే. ముసలి ఎద్దు పోయేదాకా రెండోది రాదు. ఆ తోలు మీద ముళ్లు గీరుకున్న చారలుంటాయి, కాడి ఒరిసి కాయకట్టిన మచ్చ ఉంటుంది. మచ్చ మీద దెబ్బ పడితే నాదం మొద్దుగా వస్తుంది. వాయించేవాడు దాన్ని తప్పించుకుంటూ చెయ్యి తిప్పడం నేర్చుకుంటాడు, వాడి కొడుకూ అలాగే నేర్చుకుంటాడు, ఆ తోలు చిరిగిపోయాక కూడా ఆ ఊరి దరువు అదే. వానాకాలంలో తోలు చెమ్మ పీల్చి వదులైతే నిప్పు దగ్గర కాచుకుంటారు. సెగ మరీ ఎక్కువైతే తోలు చిట్లుతుంది, ఇక ఇంకో ఎద్దు పోయేదాకా మట్టికుండలే గతి. టెన్షన్ కావాలంటే అక్కడ పెట్టు.

ఊరేగింపు సీను తిరగరాసి పంపు. డోలు ఉంచదలిస్తే ఆ ఎద్దు పేరు కూడా రాయి.

నీ పెదనాన్న