జర్మన్ పబ్లిషర్ ఆంటోన్ ఫిలిప్ రెక్లామ్ జీవితంలో అసలు మలుపు ఏది?

లైప్జిగ్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో ఒక్క యూరోకి అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ పుస్తకం కొన్నాను. జర్మన్ కవి గేటే రాసిన పద్యనాటకం 'ఫౌస్ట్' మొదటి భాగం. ఎవరో స్కూల్లో చదువుకున్నది కాబోలు, అంచుల నిండా పెన్సిల్ రాతలు. అయిదు పాదాలకోసారి పక్కన నంబరు. నా జర్మన్ అప్పటికి అంతంతమాత్రం. రోజూ ట్రామ్‌లో పది పాదాలు చొప్పున కూడబలుక్కుని చదివేదాన్ని. అట్ట మీద ఉన్న రెక్లామ్ ఎవరా అని ఆరా తీయడం అలా మొదలైంది.

మీరడిగిన మలుపు 1867 నవంబరులో వచ్చింది. రెక్లామ్ 1807లో పుట్టారు, అంటే అప్పటికి అరవై ఏళ్లు. ఇరవై ఒకటో ఏట తండ్రి దగ్గర అప్పు తీసుకుని లైప్జిగ్‌లో ఒక అద్దె పుస్తకాల లైబ్రరీ కొన్నారు. తర్వాత సొంత ప్రచురణ, 1839లో సొంత ప్రెస్. ప్రభుత్వాలను విమర్శించే పుస్తకాలు వేస్తున్నారని ఆస్ట్రియా ఆయన పుస్తకాలను నిషేధించింది కూడా.

1867లో ఏం జరిగిందంటే, 1837 నవంబరు 9కి ముందు చనిపోయిన రచయితల మీద కాపీరైట్ తీరిపోయింది. గేటే, షిల్లర్ ఇక అందరివాళ్లు. ఆ అవకాశం చాలామంది పబ్లిషర్లకు వచ్చింది. రెక్లామ్ మాత్రం ముందే సిద్ధంగా ఉన్నారు. షేక్‌స్పియర్ నాటకాలను అచ్చు ప్లేట్లు పోయించి వేయడం ఆయనకు అలవాటే. ప్లేట్లుంటే ప్రతిసారీ అక్షరాలు కూర్చే పని లేదు, ఎన్నిసార్లయినా తిరిగి వేసుకోవచ్చు. 1865లోనే ఆ నాటకాలను విడివిడిగా రెండేసి గ్రోషెన్‌లకు (అప్పటి చిల్లర నాణేలు) అమ్మి చూశారు. అదే ధరకి 'ఊనివెర్సాల్ బిబ్లియోటెక్' అనే నంబర్లు వేసిన చవక పుస్తకాల వరుస మొదలుపెట్టారు. ఒకటో నంబరు పుస్తకం ఈ 'ఫౌస్టే'!

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. సెట్ మొత్తం కొనమని ఆయన ఎవరినీ బలవంతపెట్టలేదు. కావలసిన ఒక్క నంబరే కొనుక్కోవచ్చు. నెలాఖరున జేబులో చిల్లర మాత్రమే ఉన్న విద్యార్థికి అది ఎంత పెద్ద మేలో నాకు బాగా తెలుసు.

ఆయన 1896లో పోయారు. 1912 నుంచి రైల్వే స్టేషన్లలో ఈ పుస్తకాలను వెండింగ్ మెషీన్లలో పెట్టి అమ్మారు, ఆ మెషీన్ల డిజైన్ జర్మన్ ఆర్కిటెక్ట్ పేటర్ బేరెన్స్‌ది. పసుపు అట్ట మాత్రం 1970లో వచ్చింది. సంస్థ ఇప్పుడు స్టుట్‌గార్ట్ పక్కన డిట్జింగెన్‌లో ఉంది. లైప్జిగ్ వెళ్తే ఇన్సెల్‌స్ట్రాసెలో పాత రెక్లామ్ భవనం చూడండి, ఇంకా నిలబడే ఉంది.